సన్మానానికి ఎమిరేట్స్ ఐడీ ఎందుకు?

వందకు 72 వచ్చాయంటే మన ఇళ్లలో మొహాలు మాడిపోతాయి. అదే 72 దుబాయ్‌లోని బ్రిటిష్ విశ్వవిద్యాలయ శాఖల్లో డిగ్రీ ముగించిన పిల్లకు వస్తే ఇంటిల్లిపాదీ పండగ చేసుకోవాలి. అక్కడ 70 దాటితే ఫస్ట్ క్లాస్ ఆనర్స్. 60 నుంచి 69 దాకా అప్పర్ సెకండ్, 50 దాటితే లోయర్ సెకండ్, 40 దాటితే థర్డ్. హెరియట్ వాట్, మిడిల్‌సెక్స్ 2005లోనే దుబాయ్‌లో దిగాయి, బర్మింగ్‌హామ్ 2018లో వచ్చింది. ఊరు మారినా వాటి కొలబద్ద మాత్రం సొంత దేశానిదే. ఆ పేపర్లలో 80 వేయాలంటే దిద్దేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఇదంతా తెలియని తండ్రి ఒకాయన, సీబీఎస్ఈ పన్నెండో తరగతిలో 96 తెచ్చుకున్న కూతురు డిగ్రీకొచ్చేసరికి 72కి జారిపోయిందని మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. "ఎక్కడ దెబ్బతిందంటారు మేడం?" అని అడిగాడు. అమ్మాయి పక్కనే ఉంది. అప్పటికే ఇంట్లో చెప్పి చెప్పి విసిగిపోయినట్టుంది, తలెత్తకుండా ఫోన్ చూసుకుంటోంది.

నేను కాకినాడలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. పెళ్లయ్యాక షార్జా వచ్చి అల్ నహ్దాలో స్థిరపడ్డాం. రోడ్డుకు ఇటు షార్జా, అటు దుబాయ్. అద్దె తక్కువని ఇటు. ఇంజినీరింగ్ పిల్లలకు మ్యాథ్స్ ట్యూషన్ చెబుతాను. 2023 డిసెంబరులో ఇక్కడి ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్లకు పర్మిట్లు ఇవ్వడం మొదలుపెట్టగానే ఒకటి తీసుకున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా రాస్తున్నాను. ఇదిగాక ఇంకో పని కూడా నెత్తిన పడింది. ఇక్కడి తెలుగు సంఘాల్లో ఒకటి ఏటా ఉగాదికి విద్యార్థులను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, మెమెంటో చేతికిస్తుంది. వచ్చిన దరఖాస్తులు వడపోసే కమిటీలో, లెక్కల టీచర్ని కదా అని నన్ను వేశారు.

ఆ దరఖాస్తుల కట్ట విప్పితే ఈ దేశంలో చదువు ఎన్ని రకాలుగా సాగుతోందో తెలుస్తుంది. షార్జాలోని అమెరికన్ విశ్వవిద్యాలయం 1997 నుంచి, దుబాయ్‌లోది 1995 నుంచి నడుస్తున్నాయి. అక్కడ అంతా నాలుగుకు ఎంతన్నదే లెక్క. ఏ సెమిస్టర్‌కు ఆ సెమిస్టర్ బాగా చదివినవాళ్ల పేర్లు డీన్స్ లిస్ట్‌లో పెడతారు. డిగ్రీ చేతికొచ్చేనాటికి మొత్తం సగటును బట్టి కుమ్ లాడే, మాగ్నా కుమ్ లాడే, సుమ్మా కుమ్ లాడే అని మూడు మెట్లు. బిట్స్ పిలానీ 2000లో దుబాయ్‌కి వచ్చింది, మణిపాల్ కూడా ఆ ఏడాదే. అక్కడ పదికి లెక్క. బిట్స్‌లో సగటు 9 దాటితే డిస్టింక్షన్, 7 దాటితే ఫస్ట్ డివిజన్. పైగా అక్కడి గ్రేడ్ మీ మార్కు ఒక్కదాన్నే చూసి ఇవ్వరు, తరగతి మొత్తం ఎలా రాసిందో చూసి ఇస్తారు. చురుకైన బ్యాచ్‌లో పడితే అదే పేపరుకు ఒక మెట్టు కిందికి దిగొచ్చు. వీటికి తోడు బ్రిటిష్ వాళ్ల నూటికి లెక్క.

మా కమిటీలో ఒక అకౌంట్స్ ఆయన ఉన్నాడు. మంచివాడు, పని చకచకా తెమిలిపోవాలన్నది ఆయన కోరిక. అన్నిటినీ ఎక్సెల్‌లో వేసి శాతాల్లోకి మార్చేశాడు. నాలుగుకు 3.86 అంటే 96.5. పదికి 9.1 అంటే 91. బ్రిటిష్ పద్ధతి అమ్మాయికి 72 అంటే 72. పెద్ద నుంచి చిన్నకు వరుస పేర్చితే, ఆ ఏడాది మా ముందున్నవాళ్లలో అసలైన పరిశోధన లాంటి ప్రాజెక్టు చేసిన అమ్మాయి అట్టడుగున తేలింది. లెక్కల్లో కూడికలు తప్పినా క్షమిస్తాను గానీ, కిలోలనూ లీటర్లనూ కలిపి కూడితే ఊరుకోలేను. ఆ రోజు గట్టిగానే మాట్లాడాను. ఇప్పుడు ఏ పద్ధతివాళ్లను ఆ పద్ధతిలోనే చూస్తున్నాం. ఈ ఒక్కటీ నేను గెలిచాను.

అసలు ఈ గౌరవాలకు ఇంత ప్రాకులాట ఎందుకో మన ఊళ్లలో ఉన్నవాళ్లకు అర్థం కావాలంటే ఇక్కడి బతుకు కొంచెం చెప్పాలి. గల్ఫ్‌లో మన కాలి కింద నేల వీసా. మగపిల్లవాడు తండ్రి వీసా మీద ఉండే వయసు, చదువుకుంటుంటే తప్ప, 18 దాకానే ఉండేది. 2022 అక్టోబరు నుంచి 25 చేశారు. పెళ్లికాని ఆడపిల్లకు వయసు పరిమితి లేదు. 25 నిండిన అబ్బాయి సొంత వీసా చూసుకోవాలి, లేదంటే తను పుట్టిపెరిగిన ఊరు వదిలి, సెలవుల్లో తప్ప చూడని తెనాలికో నిజామాబాద్‌కో వెళ్లాలి. అలాంటి చోట గోల్డెన్ వీసా అనే దీర్ఘకాలపు వీసా ఒకటుంది. పన్నెండో తరగతిలో 95 శాతం తెచ్చుకున్నవాళ్లూ, ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో మంచి సగటుతో బయటపడ్డవాళ్లూ దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రభుత్వం పై వర్గంలో పెట్టిన విశ్వవిద్యాలయమైతే 3.5, దాని కింది వర్గమైతే 3.8 ఉండాలి. అంటే 3.49కీ 3.5కీ మధ్య తేడా ఇక్కడ మార్కులది కాదు, ఇంటి అద్దె ఒప్పందానిదీ అమ్మానాన్నల వయసుదీ. దీనికి ఫీజు రాయితీ తోడు. ఫీజులో కొంత మాఫీ చేసే చాలా విశ్వవిద్యాలయాలు, సగటు ఫలానా గీత దిగితే వచ్చే ఏడాది ఆ మాఫీ ఉండదంటాయి. దిర్హాముల్లో కట్టే ఫీజు రూపాయల్లో లెక్కేసుకుంటే గుండె జారే కుటుంబాలకు డీన్స్ లిస్ట్ గోడకు తగిలించుకునే పటం కాదు. కాబట్టి మార్కుల పిచ్చి అని గల్ఫ్ తల్లిదండ్రులను ఎద్దేవా చేసే వ్యాసం కాదు ఇది. నేనూ ఆ తల్లిదండ్రుల్లో ఒకదాన్నే.

అయితే ఆ గీత పిల్లల చేత ఏం చేయిస్తోందో ట్యూషన్ టీచరుగా నేను చూస్తున్నాను. మా దగ్గరికొచ్చే ఒక అబ్బాయికి లెక్కలంటే ప్రాణం. మూడో ఏట పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కోర్సు ఎలెక్టివ్‌గా తీసుకున్నాడు. రెండు క్విజ్‌లు అయ్యాయో లేదో, "ఆంటీ, ఇది వదిలేస్తున్నాను. బి వచ్చేలా ఉంది. బి వస్తే ఈసారి లిస్ట్‌లో ఉండను" అన్నాడు. గడువులోగా వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ అనే అక్షరం పడుతుంది, సగటు మాత్రం చెక్కుచెదరదు. దాని బదులు పవర్‌పాయింట్ ప్రెజెంటేషన్లతో గట్టెక్కే కోర్సు ఒకటి తరవాతి సెమిస్టర్లో తీసుకున్నాడు. ఎ వచ్చింది. లిస్ట్‌లో పేరొచ్చింది. వాళ్లమ్మ లడ్డూలు పంపింది. లడ్డూ తిన్నాను గానీ మనసు ఒప్పుకోలేదు. వేడి ఎలా ప్రవహిస్తుందో, అల ఎలా కదులుతుందో చెప్పే చదువును ఇంజినీరు కాబోయే పిల్లవాడు, అదీ ఇష్టమున్న పిల్లవాడు, ఒక అక్షరానికి భయపడి వదులుకున్నాడు.

వాణ్ణి తప్పుపట్టను. ఫీజు మాఫీ పోతే కట్టాల్సింది వాడి తండ్రి. కానీ వేదిక మీద శాలువా కప్పేవాళ్లం మనమే కదా, మనకేం వచ్చింది? విశ్వవిద్యాలయానికి దాని నిబంధనలున్నాయి, వీసా కార్యాలయానికి దాని గీత ఉంది. తెలుగు సంఘానికి ఏ గీతా లేదు. మనం ట్రాన్‌స్క్రిప్ట్ అడిగి ఏ కోర్సులు చదివారో చూడొచ్చు. కష్టమైన ఆరు కోర్సులు నెత్తికెత్తుకుని 3.4తో బయటపడిన అమ్మాయిని, సులువైన దారిలో 3.9 తెచ్చుకున్న అబ్బాయి పక్కన నిలబెట్టొచ్చు. చెయ్యం. సర్టిఫికెట్ మీది అంకె చూసి వేదిక ఎక్కిస్తాం, ఎందుకంటే మైకులో చదవడానికి అంకె బాగుంటుంది.

విచిత్రం ఏమిటంటే, ఈ అంకెల మోజు పుట్టించిన బోర్డే ముందు వెనక్కి తగ్గింది. టాపర్ల జాబితా ప్రకటించడం సీబీఎస్ఈ మానేసి కొన్నేళ్లయింది, పిల్లల మధ్య అనారోగ్యకరమైన పోటీ వద్దని. 2023 చివర్లో ఇంకో అడుగు వేసి, డివిజన్, డిస్టింక్షన్, మొత్తం శాతం ఇవేవీ ఇక తాము ఇవ్వబోమంది. బోర్డు వద్దన్న మొత్తాన్ని ఇప్పుడు మా దరఖాస్తు ఫారంలో తల్లిదండ్రులు క్యాలిక్యులేటర్ పట్టుకుని వాళ్లే వేసి పంపుతున్నారు.

ట్రాన్‌స్క్రిప్ట్‌లో కూడా కనపడనివి ఉంటాయి. షార్జా నుంచి దుబాయ్ అకడమిక్ సిటీకి పొద్దున ట్రాఫిక్‌లో వెళ్లొచ్చే పిల్లలు రోజులో ఎన్ని గంటలు రోడ్డు మీదే పోగొట్టుకుంటారో ఏ మార్కుల కాగితమూ చెప్పదు. అకడమిక్ సిటీని కలిపే మెట్రో బ్లూ లైన్ 2029కి వస్తుందంటున్నారు, ఇప్పుడు చదివేవాళ్లలో చాలామంది డిగ్రీలు అప్పటికి అయిపోతాయి. 2024 ఏప్రిల్ 16న కురిసిన వాన సంగతి సరేసరి. 1949 నుంచి లెక్కలు రాసుకుంటున్న ఈ దేశంలో అంత వాన ఎన్నడూ పడలేదు. అల్ ఐన్ దగ్గర ఒకచోట ఒక్క రోజు లోపల 254 మిల్లీమీటర్లు. షార్జాలో కొన్ని వీధుల్లో నీళ్లు తీయడానికి రోజుల తరబడి పట్టింది. కరెంటు లేక, లిఫ్టులు ఆగి, తాగునీళ్ల డబ్బాలు మెట్ల మీద మోసుకుంటూ ఫైనల్ ఇయర్ డిజర్టేషన్ రాసుకున్న పిల్లలు మా బిల్డింగులోనే ఉన్నారు. బ్రిటిష్ పద్ధతిలో ఇలాంటి ఇబ్బందులు చెప్పుకోవడానికి ఒక ఫారం ఉంటుంది, నింపి ఇస్తే గడువు పెంచుతారు. మన పిల్లల్లో చాలామంది అది నింపరు. అడగడం నామోషీ అనుకుంటారు. అడగాలని చెప్పాల్సింది ఇంట్లో పెద్దవాళ్లు.

జైటెక్స్ టెక్నాలజీ ప్రదర్శన జరిగే రోజుల్లో స్టాళ్ల దగ్గర బ్యాడ్జీ వేసుకుని రోజంతా నిలబడే విద్యార్థులను చూడండి, వాళ్లలో తెలుగు పిల్లలూ ఉంటారు. తండ్రి ఉద్యోగం ఊడి ఇల్లు గడవక అలా నిలబడ్డ ఒక పిల్లవాడు నాకు తెలుసు. వాడి సగటు 3.2. వాడి దరఖాస్తు మా కమిటీ దాకా రానే రాలేదు. అంత తక్కువ మార్కులకు ఎవరు పిలుస్తారులే అనుకున్నాడట.

ఇంతవరకూ చెప్పినవాళ్లంతా ఒక లెక్కన అదృష్టవంతులు. తల్లిదండ్రుల దగ్గరే ఉండి చదువుకుంటున్నారు. ఈ దేశంలో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతమైనా ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే ఇల్లయినా ఉండాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ నుంచి వచ్చి సోనాపూర్, జెబెల్ అలీ, అల్ ఖూజ్ క్యాంపుల్లో ఉండే మన మనుషుల్లో ఎక్కువమంది జీతం ఆ గీత దరిదాపుల్లో ఉండదు. కోనసీమ నుంచి, రాయచోటి నుంచి ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లదీ అంతే. వాళ్లు ఇక్కడ, పిల్లలు అక్కడ. ఈ దిర్హాములతోనే ఆ పిల్లలు హాస్టల్ ఫీజు కడతారు, సప్లిమెంటరీ ఫీజు కడతారు, ల్యాప్‌టాప్ కొనుక్కుంటారు. గల్ఫ్ డబ్బుతో, గల్ఫ్ ఎడబాటుతో చదువుకున్నారు కాబట్టి నా దృష్టిలో వాళ్లూ గల్ఫ్ తెలుగు విద్యార్థులే.

అలాంటి తండ్రి ఒకాయన సంక్రాంతి కార్యక్రమంలో మా కౌంటరు దగ్గరికి వచ్చాడు. మల్యాల వైపు మనిషి, ఏసీ డక్టులు బిగించే పని. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కౌంటరు ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. నేనే పలకరించాను.

"చెప్పన్నా, ఏం కావాలి?"

"ఏం లేదు మేడం. నా బిడ్డ కరీంనగర్ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసింది. యూనివర్సిటీ ఫస్టు. గోల్డ్ మెడల్ ఉన్నదంటున్నరు, ఇంక ఇయ్యలే. కాన్వొకేషన్ ఎప్పుడు పెడ్తరో తెల్వదట. మీరేదో ఫారం ఇస్తున్నరంట గదా?"

"అమ్మాయి ఇక్కడికి రాగలదా?"

"ఎక్కడొస్తది మేడం. స్టేజీ మీద పేరు సదివితే సాలు. నేను వీడియో తీస్కొని పంపుత."

ఫోన్‌లో మార్కుల మెమోలు చూపించాడు. నాలుగు సెమిస్టర్లవీ వరసగా, ఒక ఫోల్డర్ చేసి పెట్టుకున్నాడు. ఇక్కడ వాట్సాప్‌లో మెసేజీ వెళ్తుంది గానీ కాల్ కలవదు. క్యాంపుల్లో అందరూ బోటిమ్ యాప్‌లోనే మాట్లాడుకుంటారు. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ నిబంధన. ఆ విరామంలో బిడ్డతో మాట్లాడేవాడట. ఇక్కడికంటే ఇండియా గంటన్నర ముందు కాబట్టి ఆమె ల్యాబు నుంచి వచ్చేసరికి ఈయన విరామం అయిపోవచ్చేదట. ఏం మాట్లాడేవారని అడిగితే, "నాకేం తెలుస్తది మేడం, ఆమె చదివింది చెప్తుంటది, నేను ఊ కొడ్త" అన్నాడు.

ఫారం ఇచ్చాను. అందులో మూడో గడి: విద్యార్థి ఎమిరేట్స్ ఐడీ నంబరు, అంటే ఇక్కడ నివసించేవాళ్లకిచ్చే గుర్తింపు కార్డుది. జత చేయాల్సినవాటిలో మొదటిది దాని జిరాక్సు. ఆయన ఆ గడి ఖాళీగా వదిలి మిగతావన్నీ నింపి, బిడ్డ సంతకం కావాల్సినచోట తన సంతకం పెట్టి ఇచ్చాడు. కమిటీలో ఆ దరఖాస్తు మీద చర్చ ఎంతోసేపు సాగలేదు. స్థానికంగా నివసించే విద్యార్థులకే అని నియమం ఉందన్నారు. పక్కన పెట్టారు. నేను వాదించాను, నా మాట నెగ్గలేదు. ఆ ఏడాది ఉగాది వేదిక మీద ఆ పేరు ఎవరూ చదవలేదు.

అప్పుడు విన్న అభ్యంతరాలకు ఇప్పుడు పేపర్లో సమాధానం చెబుతున్నాను, ఎందుకంటే ఇది ఒక్క సంఘం జబ్బు కాదు. దోహా, కువైట్, మస్కట్‌లలో ఇలాంటి కార్యక్రమాలు నడిపే స్నేహితులు తమ దగ్గరా ఇంతేనన్నారు.

అక్కడి సర్టిఫికెట్ నిజమో కాదో మనకెలా తెలుస్తుంది అన్నారొకరు. ఈ ప్రశ్న అడిగినాయన సహా కమిటీలో అందరం మన ఆంధ్రా, ఉస్మానియా డిగ్రీలను ఢిల్లీలో, ఎంబసీలో ముద్రలు వేయించుకుని తెచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లమే. ఇప్పుడు మార్కుల మెమోలు డిజిలాకర్‌లో దొరుకుతున్నాయి. కావాలంటే కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఒక ఫోన్ కొట్టొచ్చు. పనికి బద్ధకించి దానికి నియమం అని పేరు పెట్టకూడదు.

చిన్న విశ్వవిద్యాలయం, నిన్నగాక మొన్న పుట్టింది, ఇక్కడి విదేశీ విశ్వవిద్యాలయాలతో పోలికేమిటి అన్నారు ఇంకొకరు. కరీంనగర్ శాతవాహన 2008లో పుట్టిన మాట నిజమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు అక్కడ లెక్కల్లో ఫస్ట్ క్లాసులో ఫస్ట్ వచ్చేనాటికి దానికీ ఇంచుమించు పదిహేనేళ్లే. పట్టా చేతబట్టుకుని ఉద్యోగం కోసం కలకత్తా వెళితే ఉద్యోగం దొరకలేదు, స్టాటిస్టిక్స్ దొరికింది. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి 87 శాతంతో స్వర్ణ పతకం పుచ్చుకున్నాడు. ఎనభై ఏళ్ల తరవాత, 2023లో, నూట రెండేళ్ల వయసులో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. మల్యాల అమ్మాయి సి.ఆర్. రావు అవుతుందని నేననడం లేదు. విశ్వవిద్యాలయం వయసు చూసి విద్యార్థి తెలివిని అంచనా వేయడం తెలుగువాళ్లకు తగదంటున్నాను.

మార్కులను పరిస్థితులతో కలిపి చూడటం పక్షపాతం కాదా, అన్నది మూడో అభ్యంతరం. ఇది నిజంగా ఆలోచించాల్సినది. దీనికి జవాబు మన దగ్గరే ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు పల్లెటూరి పిల్లల కోసమే పెట్టారు. పదో తరగతి గ్రేడ్ పాయింట్లను బట్టి సీట్లిచ్చేటప్పుడు ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు 0.4 పాయింటు కలిపి చూసేవారు. వెనుకబాటు స్కోరు అని దానికి పేరు. కార్పొరేట్ స్కూల్లో వచ్చిన పదికీ, ఒక్కో సబ్జెక్టుకు టీచరే లేని బడిలో వచ్చిన 9.6కూ ఒకే విలువ అని ప్రభుత్వమే అంకె వేసి చెప్పింది. లెక్కల టీచరుగా నాకు ఆ 0.4 అంటే గౌరవం. అది దయతో వేసిన మార్కు కాదు, కొలతలో ఉన్న లోపాన్ని సరిదిద్దిన మార్కు. మన రాష్ట్రాల్లో ప్రవేశాలకు పనికొచ్చిన ఆ న్యాయం, ఊరికే పేరు చదివి చప్పట్లు కొట్టే ఉగాది వేదికకు పనికిరాదా? 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించింది. ప్రభుత్వానికి కనిపించిన పిల్లలు మనకు ఎందుకు కనిపించరు?

ఇంకో మాట పైకి ఎవరూ అనలేదు గానీ గాలిలో ఉంది. హాలు అద్దె, భోజనాలు, బ్యానర్లు స్పాన్సర్ల డబ్బు. స్పాన్సర్లకు కావాల్సింది హాల్లో కూర్చున్న కుటుంబాలు. కూతురు ఊళ్లో, తండ్రి క్యాంపులో ఉంటే టికెట్లు కొనేదెవరు, ఫొటోలో నిలబడేదెవరు? ఈ లెక్క నాకు అర్థమవుతుంది. అలాగైతే దానికి స్పాన్సర్ల సన్మానం అని పేరు పెట్టుకుంటే సరిపోతుంది, తెలుగు విద్యార్థుల సన్మానం అనక్కర్లేదు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. బ్రిటిష్ లెక్కను, అమెరికన్ లెక్కను, మన లెక్కను కలగలపకండి. సర్టిఫికెట్‌తో పాటు ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకోండి. ఏ కోర్సు ఎందుకు తీసుకున్నావని పిల్లలను ఒక పేరా రాయమనండి, ఆ పేరా చదివితే అంకె చెప్పనివి చాలా తెలుస్తాయి. 3.2 ఉన్న పిల్లవాడు కూడా దరఖాస్తు పెట్టుకునేలా, పని చేస్తూ చదివినవాళ్లకు అని ఒక వరుస ఉంచండి. తల్లిదండ్రులారా, మీ పిల్లలు కష్టమైన సబ్జెక్టు ఎంచుకుని బి తెచ్చుకుంటే ఆ రోజు లడ్డూలు పంచండి, మా ఇంటికీ పంపండి.

సంఘాల పెద్దలకు ఒక విన్నపం. కార్యక్రమానికి హాలు మాట్లాడుకునేటప్పుడే ఫారం కూడా తీసి చూసుకోండి. విద్యార్థి ఎమిరేట్స్ ఐడీ అన్నచోట, తండ్రిది గానీ తల్లిది గానీ ఐడీ అని మార్చండి. ఆ ఫారాలు హోటళ్లలో, ఫేస్‌బుక్కులో పెట్టి ఊరుకోకుండా, ఆదివారం పూట సోనాపూర్ వెళ్లి క్యాంపుల దగ్గర పంచండి. నింపడం రానివాళ్లకు నేను నింపిపెడతాను.